పోయింది పోర్టా, పెన్‌డ్రైవ్‌కి పడిన తాళమా?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టువాళ్లు ఏదో ఆఫీసు వేలంలో పాత డెస్క్‌టాప్ కొన్నారు. మౌస్ ఆడుతోంది, కీబోర్డు ఆడుతోంది, ప్రింటరు బిల్లులు కొడుతోంది. పెన్‌డ్రైవ్ మాత్రం ఏ యూఎస్‌బీ పోర్టులో పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. నాకంటే ముందు చూసినాయన మదర్‌బోర్డు పోయిందని తేల్చేశాడట. బోర్డే పోతే మౌస్ ఎలా ఆడుతోందని ఆయన్ని ఎవరూ అడగలేదు. చివరికి ఆ సిస్టమ్‌లో మార్చింది ఒకే ఒక్క అంకె.

స్క్రూడ్రైవరు తీసేముందు ఒక పరీక్ష చేయండి. కీబోర్డుని వెనక పోర్టులో పెట్టండి. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ముందువి వైరు మీద వస్తాయి. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ కొడుతూ ఉండండి. బయోస్ (విండోస్ కంటే ముందు బోర్డు మీద నడిచే సెట్టింగుల ప్రోగ్రాం) తెర వచ్చి, బాణం కీలకు కదిలిందంటే పోర్టు బతికే ఉంది, తిరకాసు విండోస్‌లో ఉంది. మౌస్ అడుగున ఎర్రలైటు వెలిగిందని మాత్రం సంబరపడకండి. 5 వోల్టులు వస్తున్నాయనే దానర్థం, డేటా సంగతి అది చెప్పదు.

మౌస్, ప్రింటరు పనిచేస్తాయి, పెన్‌డ్రైవ్ ఒక్కటే రాదు

ఇది చెడిపోవడం కాదు, ఎవరో కావాలని వేసిన తాళం. డేటా బయటికి పోకుండా, వైరస్ లోపలికి రాకుండా ఆఫీసుల్లో ఇలా చేస్తారు. సిస్టమ్ వేలానికి వెళ్లేటప్పుడు తీయడం మర్చిపోతారు.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెజ్‌ఎడిట్ అని కొట్టి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రెజిస్ట్రీని తెరవండి. లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్ వరుసన దిగితే యూ-ఎస్-బీ-ఎస్-టీ-ఓ-ఆర్ అనే ఫోల్డరు కనిపిస్తుంది. అందులో స్టార్ట్ విలువ 4 ఉంటే తాళం పడినట్టు. దాన్ని 3 చేసి రీస్టార్ట్ కొట్టండి. ముట్టుకునే ముందు ఆ ఫోల్డరుని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. రెజిస్ట్రీలో పక్క గీత మార్చితే నాకు ఫోన్ చేసినా లాభం ఉండదు.

రీస్టార్ట్ అయ్యాక మళ్లీ 4కి వచ్చిందా? అయితే పాత ఆఫీసు పాలసీయో, యాంటీవైరస్‌లోని డివైజ్ కంట్రోలో దాన్ని వెనక్కి తిప్పుతోంది. డ్రైవ్ అక్షరం కనిపించి, నొక్కితే యాక్సెస్ డినైడ్ అంటుంటే అది వేరే తాళం. విండోస్ ప్రో అయితే, ఇలాంటి నిబంధనలు పెట్టే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్ కింద రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ తెరిచి, డినై అని ఉన్నవాటిని నాట్ కాన్ఫిగర్డ్ చేయండి. హోమ్ ఎడిషన్‌లో ఈ ఎడిటర్ రాదు. వేలంలో కొన్న సిస్టమ్‌కైతే అసలు విండోస్ కొత్తగా వేసుకోవడమే నా సలహా, పాత ఆఫీసు చెత్తంతా ఒక్కసారే పోతుంది. ఇంకా ఆఫీసువాళ్లదే అయిన సిస్టమ్ మీద మాత్రం ఇవేవీ చేయొద్దు, తాళం వేసినవాళ్లనే అడగండి.

బయోస్‌లో కీబోర్డు ఆడుతుంది, విండోస్ రాగానే చచ్చిపోతుంది

గుండ్రటి ప్లగ్గు ఉన్న పాత పీఎస్/2 కీబోర్డు ఒకటి ఇంట్లో ఉంటే దాచుకోండి, యూఎస్‌బీతో పనిలేదు కాబట్టి ఇక్కడే పనికొస్తుంది. విండోస్ కీతో ఎక్స్ నొక్కి, తర్వాత ఎం కొడితే పరికరాల జాబితా చూపే డివైజ్ మేనేజర్ వస్తుంది. యూనివర్సల్ సీరియల్ బస్ (అంటే యూఎస్‌బీ) కంట్రోలర్ల కింద ఏ పేరు మీదైనా కిందికి చూసే బాణం ఉంటే దాన్ని ఎవరో డిజేబుల్ చేశారు; షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే ఎనేబుల్ చేసే మెనూ తెరుచుకుంటుంది. పసుపు గుర్తు ఉంటే హోస్ట్ కంట్రోలర్ అనే పేరున్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి, విండోస్ మళ్లీ తనే వేసుకుంటుంది. అన్‌ఇన్‌స్టాల్ కొట్టిన క్షణంలో యూఎస్‌బీ మౌస్, కీబోర్డు రెండూ ఆగిపోతాయి. కంగారుపడకండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలితే సిస్టమ్ సక్రమంగానే ఆగుతుంది.

ఇంటెల్ 6వ తరం బోర్డు మీద పట్టుబట్టి విండోస్ 7 వేయించుకున్నవాళ్లకీ ఇదే గతి. విండోస్ 7లో యూఎస్‌బీ 3 డ్రైవరు ఉండదు, అది విడిగా వేయాలి.

ముందు పోర్టులు మాత్రమే పనిచేయవు

సీపీయూ డబ్బా బల్ల కింద ఉంటుంది, పెన్‌డ్రైవ్ దానికే ఉంటుంది, కాలు తగులుతుంది. పోర్టు లోపలి నాలుక వంగి, పిన్ను రేకుకి ఆనుతుంది. అప్పుడు కొన్ని బోర్డులు ఆన్ అవుతూనే ఓవర్ కరెంట్ అని తెరమీద రాసి, 15 సెకన్లలో ఆగిపోతాయి. చూసినవాళ్లు ఎస్ఎంపీఎస్ (లోపలి కరెంటు సప్లై డబ్బా) మార్చేస్తారు. మొదట కరెంటు ప్లగ్గు పీకి, మూత తీసి, ముందు పోర్టుల వైరుని బోర్డు నుంచి ఊడదీయండి. పాతది 9 పిన్నులది, యూఎస్‌బీ 3ది 19 పిన్నుల వెడల్పు ప్లగ్గు. దాన్ని తీశాక సిస్టమ్ మామూలుగా లేస్తే దొంగ దొరికినట్టే.

యార్డు సిస్టమ్‌లు తెరిచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. జనవరి నుంచి మే దాకా సీజన్‌లో ఆ డబ్బాలో ఫ్యాన్ పీల్చిన కారం దుమ్ము అంతా ఇంతా కాదు. పోర్టులోకి నోటితో ఊదకండి, తడి లోపలికి పోయి చిలుం పడుతుంది. మెత్తటి బ్రష్షు, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

బయోస్‌లోనూ ఏ పోర్టూ పనిచేయదు

ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కిపట్టి మళ్లీ పెట్టి చూడండి. నవ్వకండి, కొన్నిసార్లు దీంతోనే లేస్తాయి. కాకపోతే పీఎస్/2 కీబోర్డుతో బయోస్‌లోకి వెళ్లి యూఎస్‌బీ కంట్రోలర్ ఎనేబుల్‌లో ఉందో లేదో చూడాలి. ఆ కీబోర్డూ లేకపోతే ప్లగ్గు తీసే ఉంచి, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల సెల్లు కాసేపు తీసి పెట్టండి, చాలా బోర్డుల్లో సెట్టింగులు మొదటికొస్తాయి. తేదీ, టైము మళ్లీ పెట్టుకోవాలి.

అప్పటికీ రాకపోతే బోర్డు మీది చిప్పే పోయి ఉండొచ్చు. మిగతా సిస్టమ్ బాగున్నప్పుడు బోర్డు మార్చక్కర్లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉంటే యూఎస్‌బీ కార్డు ఒకటి గుచ్చి, డ్రైవరు వేసుకోండి.