చలిగాలుల హెచ్చరికను మన ఇంటికి పనికొచ్చేలా చదవడం ఎలా?

పుష్యమాసం వచ్చిందంటే టీవీల్లో, ఫోన్లలో ఒకే రకం వార్త తిరుగుతుంటుంది. ఆసిఫాబాద్ జిల్లాలో ఫలానా మండలం గజగజ, సంగారెడ్డి జిల్లా కోహీర్ వణుకు, అటు అల్లూరి జిల్లా లంబసింగిలో సింగిల్ డిజిట్. మనం అది చూసి 'అమ్మో' అనుకుని దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంటాం. అంతే తప్ప రేపు తెల్లవారుజామున మన వాకిట్లో ఎంత చలి ఉంటుందో ఆ వార్త చెప్పదు.

నేనూ ఒకసారి ఇలాగే మోసపోయాను. 'సిటీలో 14 డిగ్రీలు' అని చూసి పలచని స్వెటర్ వేసుకుని, ఉదయం ఐదున్నరకి స్కూటర్ మీద రైల్వే స్టేషన్‌కి బయల్దేరాను. సీటు మీది మంచు తుడిస్తే గుడ్డలోంచి నీళ్లు కారాయి. అప్పుడైనా అర్థం చేసుకోవాల్సింది. పది నిమిషాలు తిరక్కుండానే వేళ్లు బ్రేక్ మీద ఉన్నాయో లేవో తెలియలేదు. ఇందులో వాతావరణ శాఖ తప్పేమీ లేదు. ఆ 14 ఊరి నడిబొడ్డున ఉన్న వాతావరణ స్టేషన్‌ది. మా ఇల్లు ఊరి చివర, పొలాల పక్కన, పల్లంలో. చల్లగాలి బరువు కాబట్టి రాత్రంతా పల్లానికే జారి అక్కడే కూర్చుంటుంది. అప్పటి నుంచి సూచనను చదివే పద్ధతి మార్చుకున్నాను.

ముందు, ఆ అంకె ఎవరిదో చూడండి

వార్తలో 'నమోదైంది' అని ఉందా, 'నమోదయ్యే అవకాశం ఉంది' అని ఉందా? మొదటిది అయిపోయిన సంగతి, రెండోది రాబోయేది. పేపర్లో పొద్దున్నే కనిపించే కనిష్ఠ ఉష్ణోగ్రత చాలాసార్లు నిన్నటి ఉదయానిది. దాన్ని చూసి ఈ రాత్రికి ప్లాన్ వేసుకుంటే లాభం లేదు.

రెండో ప్రశ్న, ఎక్కడ కొలిచారు? తెలంగాణలో మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ రోజూ ఇచ్చే అతి తక్కువ ఉష్ణోగ్రతల జాబితా వాటిదే. భారత వాతావరణ శాఖ స్టేషన్లు వేరు. అందుకే ఒకే రోజు ఒకే జిల్లాకు రెండు అంకెలు కనిపిస్తాయి. రెండూ నిజమే, స్టేషన్లు వేరు. హైదరాబాద్‌లోనే బేగంపేట అంకె చూసి పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు ఉండేవాళ్లు ధీమాగా ఉంటే కుదరదు. ఆ శివార్లు చాలా రాత్రులు అంతకంటే చల్లగానే ఉంటాయి. జాబితాలో మీ ఊరికి దగ్గరగా, మీ ఊరిలాంటి నేల మీదే ఉన్న స్టేషన్‌ను ఒకదాన్ని ఎంచుకుని, చలికాలమంతా దాన్నే పట్టుకోండి.

డిగ్రీల కంటే తేడా ముఖ్యం

అసలు కీలకం ఇక్కడుంది, కాస్త నింపాదిగా చూద్దాం. వాతావరణ శాఖ లెక్కలో చలి ఎక్కువగా ఉన్నంత మాత్రాన 'చలిగాలులు' అయిపోవు. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ ఉండాలి. దానికి తోడు, ఆ రోజుల్లో అక్కడ మామూలుగా ఉండే కనిష్ఠం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు పడిపోవాలి. తేడా 6.4 దాటితే తీవ్ర చలిగాలులు. ఇక మామూలు ఎంతైనా సరే, కనిష్ఠం 4 డిగ్రీలకు దిగితే చలిగాలులు, 2కు దిగితే తీవ్ర చలిగాలులు. కొండ ప్రాంతాల్లో ఆ 10 బదులు సున్నా తీసుకుంటారు. తీరంలో మరో కొలత: 15 డిగ్రీలకు దిగి, మామూలు కంటే 4.5 తగ్గితే చాలు.

ఒక ఊళ్లో ఈ వారం మామూలు కనిష్ఠం 14 అనుకుందాం. 9 నమోదైతే 5 డిగ్రీల తేడా, అంటే చలిగాలులే. ఇంకో ఊళ్లో మామూలు 11, నమోదైంది 8. రెండో ఊళ్లోనే చలి ఎక్కువ, అయినా అది చలిగాలుల లెక్కలోకి రాదు. విడ్డూరంగా అనిపిస్తుంది కానీ ఇందులో న్యాయం ఉంది. 8 డిగ్రీల చలి అలవాటైన ఇంట్లో రగ్గులు, మఫ్లర్లు అన్నీ సిద్ధంగా ఉంటాయి. 14కు అలవాటైన ఇంట్లో 9 అంటే పెట్టెలు వెతుక్కోవాల్సిందే. విశాఖ తీరంలో 15 డిగ్రీలకే జనం ముడుచుకుపోతే ఆదిలాబాద్ వాళ్లు నవ్వుకోవచ్చుగానీ, ఒంటికి తెలిసేది ఆ తేడానే. కాబట్టి బులెటిన్‌లో 'సాధారణం కంటే ఇన్ని డిగ్రీలు తక్కువ' అనే ముక్క కోసం వెతకండి. హెడ్‌లైన్‌లో అది ఉండదు, కింద పేరాలో ఎక్కడో ఉంటుంది.

రంగుల సంగతి చప్పున చెప్పేస్తాను. గ్రీన్ అంటే హెచ్చరిక లేదు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే చర్య తీసుకోండి. జిల్లాకు ఎల్లో వచ్చి, పక్కన 'ఒకటి రెండు చోట్ల' అని ఉంటే ఆ ప్రాంతంలోని స్టేషన్లలో పావు వంతుకు మించి ఆ పరిస్థితి ఉండదని అర్థం. ఆ పావు వంతులో మీరున్నారా లేదా అన్నది మీ నేల, ఎత్తు చెబుతాయి.

ఎన్ని రోజులు ఉంటుందో గాలిని బట్టి తెలుస్తుంది

మన చలి సొంత సరుకు కాదు, దిగుమతి. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే వెస్ట్రన్ డిస్టర్బెన్స్ అనే వాతావరణ అలజడి హిమాలయాల్లో మంచు కురిపించి దాటిపోయాక, అక్కడి పొడి చల్లగాలి దక్షిణానికి దిగుతుంది. బులెటిన్‌లో 'ఉత్తర, వాయవ్య దిశల నుంచి గాలులు', 'పొడి వాతావరణం' అన్న మాటలు కలిసి కనిపిస్తే చలి ఇంకా రెండు మూడు రోజులు ఉంటుందని నేను లెక్క వేసుకుంటాను. పైగా ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి స్తంభిస్తే నేల వేడంతా రాత్రికి రాత్రే పైకి పోతుంది. చుక్కలు మెరిసిపోతున్న నిశ్చలమైన రాత్రి అందంగా ఉంటుంది, తెల్లారేసరికి ప్రాణం తీస్తుంది. అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రత నడిరాత్రి రాదు, సూర్యుడు వచ్చే వేళకు వస్తుంది.

మొదటి రెండు మూడు రోజుల సూచనను అంకెలతో సహా నమ్మండి. అయిదో రోజు దాటాక చలి పెరుగుతుందా తగ్గుతుందా అన్నంత వరకే తీసుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కలిపి ఇచ్చే సీజన్ అంచనా మరో జాతి. 'ఈ శీతాకాలం రాత్రులు సాధారణం కంటే వెచ్చగా ఉండొచ్చు' అని అందులో ఉంటే అది మూడు నెలల సగటు గురించి. అలాంటి ఏడాదిలోనూ ఒక వారం ఎముకలు కొరకొచ్చు. దాన్ని చూసి రగ్గులు అటక మీదే ఉంచేయకండి.

మీ ఇంటి తేడాను మీరే కనుక్కోండి

ఒక మామూలు థర్మామీటర్ కొని, గోడకు తగిలించకుండా, ఎండ తగలని నీడలో, నేలకు నాలుగు అడుగుల ఎత్తున పెట్టండి. వాతావరణ స్టేషన్లలో కూడా దాదాపు ఆ ఎత్తులోనే, గాలి ఆడే తెల్ల పెట్టెలో కొలుస్తారు. వారం పాటు సూర్యోదయానికి ముందు చూసి క్యాలెండర్ మీద గీకండి. మీరు ఎంచుకున్న స్టేషన్ అంకెను పక్కన రాయండి. మా ఇంట్లో తేడా రెండున్నర డిగ్రీలు తేలింది. ఇప్పుడు సూచనలో 12 అని ఉంటే నాకు తొమ్మిదిన్నరగా వినిపిస్తుంది. గడ్డి మీద, నారుమడి మీద అంతకంటే తక్కువే ఉంటుంది.

బండి నడిపేవాళ్లు దీనికి గాలిని కూడా కలుపుకోవాలి. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి తగిలేది దాదాపు 6 డిగ్రీల చలి. ముందు చేతులకు గ్లవ్స్, తర్వాతే జాకెట్ ఫ్యాషన్. పొగమంచు హెచ్చరిక కూడా ఉంటే మీటర్లు చూడండి. 'దట్టమైన' అంటే 200 మీటర్ల లోపే కనిపిస్తుంది, 'అతి దట్టమైన' అంటే 50 కూడా కనిపించదు. ఆ రోజు ప్రయాణం ఎండ వచ్చాక పెట్టుకోవడమే మంచిది.

ఇక ఏ గంటకు ఏం చేయాలో రాసుకోండి

ఇంట్లో పెద్దవాళ్లుంటే మొదటి మార్పు వాకింగ్ టైం. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. మా నాన్నగారు ఐదింటికి వెళ్లే నడకను ఎనిమిదింటికి మార్చడానికి మూడు రోజులు వాదించాల్సి వచ్చింది. చివరికి ఆయన్ని ఒప్పించింది నేను కాదు, క్యాలెండర్ మీది అంకెలు.

కుంపటి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందనేదీ భ్రమే. చర్మం వెచ్చబడుతుంది, ఒంట్లోని వేడి బయటికి పోతుంది. ఎవరైనా మాట తడబడుతూ, మగతగా, ఆగకుండా వణుకుతుంటే, లేదా వణికి వణికి ఒక్కసారిగా ఆగిపోతే, తడి బట్టలు మార్చి రగ్గులు కప్పి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

యాసంగి నారు పోసినవాళ్లు సూచన చూసిన సాయంత్రమే పనిలో దిగాలి. మడిపై పాలిథీన్ షీటో, కుట్టిన ఎరువుల సంచులో కప్పి, తెల్లారాక తీసేయాలి. రాత్రి చల్లబడిన నీటిని పొద్దున తీసేసి కొత్త నీరు పెట్టాలి. వాతావరణ శాఖ మేఘదూత్ యాప్‌లో జిల్లాలవారీ సాగు సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వస్తాయి.

తగ్గుముఖం పట్టిందని ఎలా తెలుస్తుంది?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, కానీ అప్పటిదాకా ఆగనక్కర్లేదు. బులెటిన్‌లో 'తూర్పు, ఆగ్నేయ గాలులు', 'ఉపరితల ఆవర్తనం' (పైగాలిలో సుడి), 'అల్పపీడనం' లాంటి మాటలు కనిపించాయంటే బంగాళాఖాతం తేమ మన మీదికి వస్తోందన్నమాట. మబ్బు పడితే నేల వేడి పైకి పోదు, రాత్రులు ఒక్కసారిగా మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతాయి. అయితే ఆ తేమతోనే మొదటి ఒకటి రెండు ఉదయాలు పొగమంచు కమ్మొచ్చు, కాబట్టి గ్లవ్స్ లోపల పెట్టినా బండి హెడ్‌లైట్ ఒకసారి చూసుకోండి.