ఊడ్పు పాటను బ్యాండు మేళంలోకి తేవాలంటే

కోనసీమలో గానీ, పాలకొల్లు, నరసాపురం వైపు గానీ పెళ్లి బ్యాండు వాయించేవాళ్లకు కొదవలేదు, కానీ వాళ్లు వాయించేది దాదాపు అంతా సినిమా పాటే. ఊడ్పు పాటలు, దంపుడు పాటలు, గొబ్బి పాటలు వచ్చిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు పాడే సందర్భమే తగ్గిపోయింది. ఐదారుగురు గట్టిగా అనుకుంటే ఈ రెండింటినీ కలపొచ్చు.

ఈ పని స్విట్జర్లాండ్‌లో ఎలా జరిగిందో చూడండి. అక్కడ 19వ శతాబ్దం చివర్లో ష్విజర్‌ఓర్గెలి అనే చిన్న అకార్డియన్ పల్లె నాట్య సంగీతంలోకి వచ్చింది, రానురాను అదే అసలు సంప్రదాయం అన్నంతగా పాతుకుపోయింది, పాత మేళాలు వాయించిన వరసలు చాలావరకు మరుగున పడ్డాయి. హన్నీ క్రిస్టెన్ అనే ఆవిడ ఊళ్లు తిరిగి అలాంటివి 10 వేలకు పైగా పోగు చేసింది. ఆవిడ 1976లో పోయారు, సేకరణ 10 సంపుటాలుగా అచ్చయింది 2002లో. ఈనాటి చిన్న మేళాలకు అదొక గని. మనవైపు నేదునూరి గంగాధరం గారి లాంటివాళ్లు జానపద గేయాలు సేకరించారు గానీ, అచ్చులో మాట దొరికినంత తేలిగ్గా వరస దొరకదు. అందుకే ముందు రికార్డింగు.

పాట వచ్చిన మామ్మగారి ఇంటికే వెళ్లండి, ఫ్యాను కట్టేయండి, ఫోను దగ్గరగా పెట్టి పాట మొత్తం రెండుసార్లు పాడించుకోండి. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే క్లారినెట్ కూడా అక్కడే ఆగాలి. ఆవిడకు డబ్బులివ్వండి, వాయించే ప్రతిచోటా ఆవిడ పేరు చెప్పండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

తర్వాత శ్రుతి. చాలామంది తడబడేది ఇక్కడే. ఆవిడ ఏ ఐదు, ఆరు శ్రుతిలోనో పాడుతుంది, అదే పట్టుకుని వాయించబోతే ట్రంపెట్ వాళ్లకు వేళ్లు చిక్కుపడతాయి. బ్యాండుకు హాయిగా ఉండేవి ఆరున్నర, రెండున్నర, నాలుగు, అంటే బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్. క్లారినెట్, ట్రంపెట్ సాధారణంగా బి ఫ్లాట్ వాయిద్యాలే కాబట్టి వాళ్ల స్వరాల కాగితం మీద సి రాస్తే మోగేది బి ఫ్లాట్. పాటను అటు జరపండి, గాయనిని మాత్రం జరగమని అడగొద్దు, ఆవిడ కూడా పాడే రోజున బ్యాండే సర్దుకోవాలి.

ఎవరేం వాయించాలి? ఊడ్పు పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా, అదే మీ అమరిక: క్లారినెట్ కింది స్థాయిలో ఎత్తుకోవాలి, ట్రంపెట్, రెండో క్లారినెట్ అందుకోవాలి, యుఫోనియం (కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా) షడ్జమం, పంచమం పట్టుకుని ఉంటే చాలు. జారుడు స్వరాలు క్లారినెట్‌కే వదలండి, రంధ్రాల మీద వేలు మెల్లగా తీస్తే వస్తాయి, ట్రంపెట్‌లో అంత సుఖంగా రావు. కీబోర్డు, రిథమ్ ప్యాడ్ మాత్రం వద్దు. అవి వస్తే నడక బిగుసుకుపోతుంది, ఊడ్పు పాట నడకేమో కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది, నాకు దాని అందమంతా అందులోనే ఉంది.

తాళానికి ఒక్క డప్పు చాలు. దాన్ని మంట దగ్గర కాచుకోవడానికి టైమివ్వండి, చల్లారితే మోత దిగిపోతుంది, మధ్యలో మళ్లీ కాచాలి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి క్లారినెట్‌ను వాయించిన వెంటనే లోపల గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టండి, రీడు (ఊదే చోట బిగించే పలచని పుల్ల) విడిగా ఆరనివ్వండి. చెక్క క్లారినెట్ ఎండలో వదిలితే పగులుతుంది.

మొదటిసారే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లకండి, ఆ జనంలో, ఆ డప్పుల హోరులో నాలుగు వాయిద్యాలు వినబడవు. ధనుర్మాసంలో గొబ్బెమ్మలు పెట్టే వేళకి మామ్మగారి వీధిలోనే వాయించండి. "అక్కడ అలా కాదురా, ఇలా తిరగాలి" అని ఆవిడ పాడి చూపిస్తే అది కూడా రికార్డు చేసి, ఆ రాత్రికే అందరి కాగితాల్లోనూ దిద్దేయండి.