మీ ఇంటి వాడకం భూమి మీద ఎంత భారం: వారం రోజుల్లో లెక్క తీసే పద్ధతి

మూడు ఏసీలు, మూడు గీజర్లు, ఆర్వో, రెండు కార్లు, వారానికి నాలుగైదు పార్సిళ్లు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కాస్త ఉన్నవాళ్ల ఫ్లాటు ఇప్పుడు దాదాపు ఇలాగే ఉంటోంది. ఇలాంటి ఇంట్లోంచి గుడ్డసంచీతో కూరగాయలకు వెళ్లడం మంచిదే కానీ అసలు భారం అక్కడ లేదు. పేదరికం, అసమానతల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఆక్స్‌ఫామ్ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం వదిలిన కార్బన్‌లో 16 శాతం అత్యంత సంపన్నులైన ఒక్క శాతం మందిదే. సగటు భారతీయుడి వాటా ఏడాదికి 2 టన్నుల దగ్గర ఉంది. మీ ఇంట్లో మనిషికి ఎంత పడుతోందో, అది ఆ సగటుకు ఎంత దూరంలో ఉందో తేలాలంటే కొలవాలి. కావలసినవి ఒక నోటుపుస్తకం, సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం, లీటరు గుర్తులున్న బకెట్.

కరెంటు

నెల బిల్లు చూస్తే మొత్తమే తెలుస్తుంది, ఎక్కడ పోతోందో తెలియదు. అందుకే ఏడు రోజులు, రోజూ ఒకే సమయానికి మీటరు రీడింగ్ రాయండి. ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి, మన గ్రిడ్‌లో బొగ్గు వాటా అంత ఉంది. నెలకు 600 యూనిట్లు కాలే ఇల్లు ఏడాదికి 5 టన్నులు కరెంటుతోనే వదులుతుంది. లిఫ్టు, బోరు మోటార్లు, జనరేటర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో దాక్కుంటుంది. అసోసియేషన్‌ను అడిగి కామన్ మీటరు యూనిట్లను ఫ్లాట్ల సంఖ్యతో భాగించి, మీ వాటా కలపండి.

రాత్రి పడుకునే ముందు ఇంకో పరీక్ష చేయండి. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుమంటుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది. చాలావాటికి 3200, కొన్నింటికి వేరే అంకె. ఫ్యాన్లు, లైట్లు, ఏసీలు ఆపి, ఫ్రిజ్ ప్లగ్ తీసి, ఒక నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరులో నిమిషానికి 8 సార్లు వచ్చిందంటే 150 వాట్లు ఊరకే పోతున్నాయి, అంటే నెలకు 108 యూనిట్లు. సెట్‌టాప్ బాక్సు, ఏసీల స్టెబిలైజర్లు, కెమెరాలు, ఇన్వర్టర్ ఒక్కొక్కటీ తీస్తూ మళ్లీ లెక్కపెడితే దొంగ దొరుకుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ముసలిదైతే ఎంతకీ నిండదు, చార్జర్ ఆగకుండా లాగుతూనే ఉంటుంది. ఫ్రిజ్ ప్లగ్ మళ్లీ పెట్టడం మాత్రం మరిచిపోకండి.

ఏసీ గ్యాస్

చాలా నష్టం జరుగుతున్నా ఎవరూ పట్టించుకోనిది ఇదే. 18లో పెట్టి దుప్పటి కప్పుకోవడం మానాలని అందరికీ తెలుసు. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. కానీ ఏటా వేసవి ముందు మెకానిక్ వచ్చి ‘గ్యాస్ తగ్గింది సార్, నింపాలి’ అంటే మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకుంటాం. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడెక్కిస్తుంది. ఏసీని దాదాపు 3,000 యూనిట్లు నడిపినా ఇంతే. కొత్తవాటిలో వచ్చే ఆర్-32 ఇందులో మూడో వంతు.

కాబట్టి మెకానిక్‌తో ఈ పనులు వరసగా చేయించండి. ముందు పైపు కీళ్ల దగ్గర, వాటిని బిగించే ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ పూసి బుడగలు చూడాలి. అక్కడ లేకపోతే నైట్రోజన్ ప్రెజర్‌తో కాయిల్ పరీక్షించాలి. లీకు మూసి, వాక్యూమ్ పంపుతో లైను ఖాళీ చేసి, ఏసీ మీద వివరాలు రాసి ఉండే రేటింగ్ ప్లేట్‌లో ఉన్నన్ని గ్రాములు తూచి నింపాలి. వాక్యూమ్ చేయకుండా నింపితే లోపల తేమ మిగిలి కంప్రెసర్ పాడవుతుంది. ఇల్లు మారేటప్పుడు పైపులు విప్పేముందు ‘పంప్‌డౌన్ చేయండి’ అని అడగండి, గ్యాస్ బయటి యూనిట్‌లోకి చేరి నిలుస్తుంది. పాత ఏసీని తుక్కువాళ్లకు ఇస్తే రాగి పైపు కోయగానే గ్యాసంతా గాలిలో కలుస్తుంది. అధీకృత ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వండి, డబ్బు తక్కువ వచ్చినా సరే.

నీళ్లు

ఆర్వో వృథా పైపు కింద బకెట్ పెట్టి లీటరు మంచినీళ్లు పట్టండి. మామూలుగా రెండు మూడు లీటర్లు బకెట్‌లోకి పోతాయి. అసలు ఆర్వో అవసరమా అన్నది ముందు ప్రశ్న. నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే చాలా ఇళ్లలో క్రిములను చంపే యూవీ ఫిల్టరు సరిపోతుంది. మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు టీడీఎస్ మీటరుతో విడివిడిగా కొలవండి. వృథా నీళ్లు ఇల్లు తుడవడానికి, ఫ్లష్‌కు బాగుంటాయి. కుండీలకు రోజూ పోస్తే ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి.

ఫ్లష్ ట్యాంకులో కొద్దిగా మిఠాయి రంగు వేసి అరగంట ఆగండి. కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు వాషరు అరిగినట్టే, మార్పించండి.

చెత్త

తడి, పొడి, శానిటరీ బకెట్లను వేర్వేరుగా ఏడు రోజులు తూచండి. తడి చెత్తలో తొక్కలు ఒక వరస, పారేసిన అన్నం, కూరలు, ఫ్రిజ్‌లో కుళ్లినవి ఇంకో వరస రాయండి. రెండో వరసే మీరు మార్చగలిగేది. కిలో బియ్యం పండటానికి వేల లీటర్ల నీళ్లు పడతాయి. తడి పొడి కలిస్తే జిడ్డు పట్టిన కవర్లను ఎవరూ కొనరు, హైదరాబాద్‌లో అయితే నేరుగా ఊరి శివారులోని జవహర్‌నగర్ డంప్‌యార్డ్‌కు పోతాయి. అక్కడి మురుగు పక్కనున్న మల్కారం చెరువును ఎలా పాడుచేసిందో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెలుసు. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకండి, తుంపు విడిపోకుండా గాటు పెట్టి, వాడాక కడిగి ఆరబెట్టండి.

కంపోస్టుకు తడి చెత్త ఎంతో ఎండుటాకులు కూడా అంతే, కొలపాత్రతో. కంపు కొడితే తడి ఎక్కువైనట్టు, ఆకులు వేసి కలపండి.

కొనుగోళ్లు, ప్రయాణాలు

షాపింగ్ యాప్‌లో ఏడాది ఆర్డర్లు తెరిచి, రెండుసార్లకు మించి వాడనివి టిక్ పెట్టండి. ఒక కాటన్ టీషర్టు వెనక సుమారు 2,700 లీటర్ల నీళ్లున్నాయి. ఫోన్ చేసే కాలుష్యంలో సింహభాగం తయారీలోనే అయిపోతుంది, కాబట్టి బ్యాటరీ మార్పించి ఇంకో రెండేళ్లు వాడటమే అతి పెద్ద పొదుపు. 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పోగైంది, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో ఉన్నది పావు వంతు కూడా కాదు.

పెట్రోలు లీటరుకు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. విమాన ప్రయాణాలు వేరే పేజీలో రాయండి, ఎందుకంటే అవి మిగతా లెక్కను మింగేస్తాయి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి వస్తే ఎకానమీలో మనిషికి 2 టన్నులు దాటుతుంది, బిజినెస్ క్లాసులో దానికి దాదాపు మూడు రెట్లు. మనవల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులను ఆగమని ఎవరూ అనలేరు. ఏటా మూడు వారాలకు బదులు రెండేళ్లకోసారి వెళ్లి నెలల తరబడి ఉంటే భారం సగమవుతుంది, పిల్లలతో గడిపే రోజులూ పెరుగుతాయి.

ఈ లెక్క మే నెలలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తీయండి. ఒకదానిలో ఏసీ, రెండోదానిలో గీజర్ బయటపడతాయి.