బ్లూటూత్‌లో నిలవని గేమ్ కంట్రోలర్: నా అనుభవం

కావలిలో మా తమ్ముడి కంప్యూటర్‌కి డెబియన్ 12 అనే లినక్స్ వేసిచ్చాను. గేమ్ కంట్రోలర్ కేబుల్‌తో బ్రహ్మాండంగా ఆడింది. బ్లూటూత్‌లో మాత్రం కలిసిన రెండు సెకన్లకే తెగిపోయేది, మధ్యలో లైటు మిణుకుమిణుకుమంటూనే ఉండేది. "ఏందన్నా ఇది, విండోసే ఏసెయ్" అన్నాడు వాడు. నాకు మనసొప్పలేదు.

కేబుల్‌తో ఆడుతోందంటే, కేబుల్ మీద కంట్రోలర్‌ని నడిపే ఎక్స్‌ప్యాడ్ డ్రైవర్ బాగానే ఉన్నట్టే. తేడా అంతా బ్లూటూత్‌లోనే. అందులో ఈఆర్‌టీఎం అని, పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపే పద్ధతి ఒకటుంది. కొన్ని కంట్రోలర్లకు అది పడదు. ఈటీసీ ఫోల్డర్ కింద, డ్రైవర్ల సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో చిన్న ఫైలు పెట్టి, 'ఆప్షన్స్ బ్లూటూత్ డిజేబుల్_ఈఆర్‌టీఎం=1' అని, అంటే ఈఆర్‌టీఎంని ఆపేయమని, ఒక్క లైను రాశాను. పాత పెయిరింగ్ తీసేసి (ఇది మరవద్దు, నాకు గంట ఇక్కడే పోయింది), రీబూట్ చేసి మళ్లీ కలిపాను.

లైటు నిలకడగా వెలిగింది. కంట్రోలర్‌ని పరీక్షించే జేఎస్‌టెస్ట్ ప్రోగ్రామ్‌లో స్టిక్ కదిపితే అంకెలు చకచకా మారాయి. వాడు కంట్రోలర్ నా చేతిలోంచి లాగేసుకున్నాడు.