అరికాలి మంట ఏ నరానిది? గుర్తుపట్టే పద్ధతి, తగ్గించుకునే దారి

నరం నొప్పి తీరు వేరు. సలుపు కన్నా మంట ఎక్కువ. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోవడం, ఉత్త కాళ్లతో నడుస్తుంటే కింద దూది పరిచినట్టు అనిపించడం కూడా నరం లక్షణాలే. వేళను కూడా గమనించండి. పొద్దున మంచం దిగగానే మడమలో పొడిచి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటే అది చాలావరకు ప్లాంటార్ ఫాసైటిస్, అంటే అరికాలి పట్టీకి వచ్చిన ఇబ్బంది. నరం నొప్పి సాధారణంగా రాత్రి పడుకున్నాక పెరుగుతుంది.

ముందుగా ఒక బాల్‌పెన్ను తీసుకుని, మంటగా లేదా మొద్దుగా ఉన్న చోటు చుట్టూ పాదం మీదే గీత గీసి ఫొటో తీసుకోండి. ఏ నరం దెబ్బతిన్నదో చెప్పడానికి డాక్టరుకు ఈ హద్దు ఎంతో పనికొస్తుంది. "కాలంతా మంట" అని చెబితే ఆ ఆధారం పోతుంది.

గీత రెండు పాదాల్లోనూ ఒకేలా, వేళ్ల చివరల నుంచి మేజోడు తొడిగినట్టు పైకి పాకి ఉంటే తప్పు పాదంలో లేదు. షుగర్, బి12 లోపం, మద్యం, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, కొన్ని క్యాన్సర్ మందులు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్), బి12, టిఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షలతో వెతకడం మొదలుపెడతారు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గిపోవచ్చు కాబట్టి తప్పంతా షుగర్ మీదికే నెట్టేయకూడదు. "నరాల బలం మాత్రలు" సొంతంగా నెలల తరబడి మింగడం మరో పొరపాటు. వాటిలో ఉండే బి6 మోతాదు మించితే అదే నరాలను పాడుచేసి, ఏ మంట కోసం మొదలుపెట్టారో దాన్నే పెంచుతుంది.

గీత ఒక్క పాదంలోనే ఉంటే నరం ఎక్కడో నొక్కుకుపోతోందని ముందు అనుమానించాలి. ఎక్కువగా కనిపించేది మోర్టన్స్ న్యూరోమా. మూడో, నాలుగో వేళ్ల మధ్య నరం మందమై, బూటులో గులకరాయి పడిందేమో అనిపిస్తుంది. బూటు విప్పి పిసికితే హాయిగా ఉంటుంది. పాదం ముందు భాగాన్ని రెండు పక్కల నుంచీ చేత్తో అదిమినప్పుడు అదే మంట వేళ్లలోకి పాకితే అనుమానం బలపడుతుంది.

దీనికి మొదటి మందు బూటు మార్చడమే. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడు కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీయండి. బూటును ఆ బొమ్మ మీద పెట్టండి. గీత బయటికి కనిపిస్తే ఆ బూటు మీ నరాన్ని రోజంతా నలుపుతున్నట్టే. మడమ ఎత్తు రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. తర్వాత మెటాటార్సల్ ప్యాడ్, అంటే బూటులో పాదం ముందు భాగం కింద అంటించే చిన్న మెత్త. చాలామంది దీన్ని సరిగ్గా నొప్పి ఉన్నచోటే అంటిస్తారు, దాంతో నొక్కుడు రెట్టింపవుతుంది. నొప్పి ఉన్నచోట లిప్‌స్టిక్ చుక్క పెట్టి, బూటులో కాలు మోపి తీయండి. బూటు లోపలి అట్ట మీద పడిన గుర్తుకు మడమవైపు, ఒక సెంటీమీటరు లోపు వెనక్కి ప్యాడ్ ముందంచు రావాలి. అక్కడ ఎత్తు వస్తే ముందున్న ఎముకలు విచ్చుకుని నరానికి చోటు దొరుకుతుంది. కొన్ని వారాలు వాడినా తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజక్షన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. మాటిమాటికీ వేయిస్తే అరికాలి కొవ్వు మెత్త పలచబడుతుంది.

మంట అరికాలంతా ఉండి, లోపలివైపు చీలమండ ఎముక వెనక వేలితో తట్టినప్పుడు జివ్వుమని అరికాల్లోకి దిగితే అది టార్సల్ టన్నెల్ కావచ్చు, అంటే ఆ ఎముక వెనక సందులో నరం నొక్కుకుపోవడం. చదును పాదాలున్నవారికి అరికాలి వంపును నిలబెట్టే ఇన్‌సోల్ ఉపయోగపడుతుంది. నరాన్ని జార్చే, అంటే అది ఉన్న దారిలో మెల్లగా అటూ ఇటూ కదిలేలా చేసే వ్యాయామం కూడా ఉంది. కుర్చీలో కూర్చుని మోకాలు మెల్లగా చాపుతూ, పాదాన్ని మీవైపు వంచి కాస్త బయటికి తిప్పాలి. లాగినట్టు అనిపించగానే వదిలేయాలి. ఇలా 10 సార్లు, రోజుకు 2 పూటలు. కండరాన్ని సాగదీసినట్టు బిగబట్టి ఉంచితే నరం రేగుతుంది. చేశాక తిమ్మిరి మిగిలిపోతే మర్నాడు సగానికి తగ్గించండి.

మొద్దుబారడం పాదం పైన, బొటనవేలికీ రెండో వేలికీ మధ్య మాత్రమే ఉంటే ముందు లేసు వదులు చేసి చూడండి. దగ్గినా తుమ్మినా నొప్పి నడుము నుంచి పాదం దాకా దిగుతుంటే మూలం వెన్నులో ఉంది. పాదానికి ఎంత వైద్యం చేసినా అది తగ్గదు.

నరం మంటకు పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ పెద్దగా పనిచేయవు. డాక్టర్లు రాసేవి అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగాబలిన్, గాబాపెంటిన్. అమిట్రిప్టిలిన్‌ను మామూలుగా రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే "పనిచేయలేదు" అని మానేయడం వల్లే చాలామందికి ఇవి ఉపయోగపడకుండా పోతున్నాయి. కిడ్నీ జబ్బుంటే ముందే చెప్పండి, ప్రీగాబలిన్, గాబాపెంటిన్ మోతాదు తగ్గించాలి. కొన్నాళ్లు వాడాక హఠాత్తుగా ఆపొద్దు.

మంట కన్నా భయపడాల్సింది స్పర్శ పోవడం గురించే. కళ్లు మూసుకోండి. ఇంకొకరు ప్రతి పాదంలో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు చివరలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి, నొక్కకూడదు. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అలాంటివారు వేడినీళ్ల కాపడం, హీటింగ్ ప్యాడ్, ఐస్ అన్నీ మానాలి. కాలుతున్నా తెలియదు. స్నానం నీళ్లను మోచేత్తో చూడాలి. బూటు తొడిగే ముందు లోపల చేయిపెట్టి తడమాలి. రాత్రి అద్దం నేలమీద పెట్టి అరికాలు చూసుకోవాలి.

పాదం పైకి లేవకుండా వేలాడిపోయినా, బలహీనత రోజురోజుకీ పైకి పాకుతున్నా, తొడల మధ్య మొద్దుబారి మూత్రం, మలం పట్టు తప్పినా, పాదం చల్లబడి పాలిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారికి పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచినప్పుడు నొప్పి లేకపోయినా వెళ్లాల్సిందే. లోపల ఎముకలు విరుగుతుండవచ్చు. డాక్టరు చూసేదాకా ఆ కాలి మీద బరువు మోపకండి.