జోర్డాన్ రూపం లెక్క మొదలుపెట్టే ముందు

ఎమ్మెస్సీ లీనియర్ ఆల్జీబ్రా పరీక్షకు వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి. జోర్డాన్ రూపం అంటే మాత్రికను బ్లాకులుగా మార్చి రాయడం: ఒక్కో బ్లాకులో వికర్ణం మీద ఒకే ఐగెన్ విలువ (Av = λv అయ్యే λ, v సున్నా కాదు), దాని పైన ఒకట్లు.

– ఐగెన్ విలువల కోసం మాత్రికకు రో ఆపరేషన్లు చేయకండి. ర్యాంకు నిలుస్తుంది కానీ ఐగెన్ విలువలు మారిపోతాయి, ఆపై రాసిందంతా వృథా.

– క్యారెక్టరిస్టిక్ పాలినోమియల్ (ఐగెన్ విలువలు మూలాలుగా ఉండే బహుపది) ఒక్కటే చూసి బ్లాకులు వేయకండి. ఐగెన్ విలువలన్నీ సున్నా అయిన 4×4 మాత్రికకు నల్లిటీ (4 నుంచి ర్యాంకు తీసేస్తే మిగిలేది) 2 వస్తే బ్లాకులు రెండు. అయితే వాటి సైజులు 3+1 ఆ, 2+2 ఆ? మాత్రికను వర్గం చేయండి: సున్నా మాత్రిక వస్తే 2+2, ర్యాంకు 1 వస్తే 3+1. కాస్త శ్రమే, కానీ మార్కులు ఇక్కడే ఉంటాయి.

– ఫీల్డ్ (ఏ సంఖ్యల్లో లెక్క చేయాలో) ఏదో చదవండి. 90 డిగ్రీల భ్రమణ మాత్రికకు ఐగెన్ విలువలు వాస్తవం కావు కాబట్టి వాస్తవ సంఖ్యల్లో జోర్డాన్ రూపం లేదు, రేషనల్ రూపమే (ఐగెన్ విలువలు ఫీల్డ్‌లో లేకున్నా వచ్చే రూపం) గతి.

– గొలుసులో (ఒక్కో బ్లాకుకు వచ్చే వెక్టర్ల వరుసలో) ఐగెన్ వెక్టర్ ముందు రాయండి. తిరగేస్తే ఒకట్లు వికర్ణం కిందికి దిగుతాయి.