పాత నగరాన్ని చదవడం – మూడో పాఠం: కోర్డోబాలో అతుకులు

గత రెండు పాఠాలలో ఒక కట్టడం చుట్టూ అడుగులు లెక్కపెట్టి నేలపటం గీయడం, ఆ పటం మీద దిక్కులు గుర్తించడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ పటాన్ని కాలాల వారీగా విడదీయడం నేర్చుకుంటాం. అందుకు ఎంచుకున్న చోటు స్పెయిన్ దక్షిణ భాగంలో, ఆందలూసియా ప్రాంతంలో, గ్వాదల్‌కివీర్ నది ఒడ్డున ఉన్న కోర్డోబా నగరం. సెవిల్‌లో చదువుకునే విద్యార్థులు శనివారం ఉదయం వేగంగా నడిచే రైలెక్కితే ముప్పావు గంటలో అక్కడ దిగుతారు. మాడ్రిడ్ నుంచి వచ్చేవారికి రెండు గంటలు పడుతుంది. అలాంటి విద్యార్థి బృందం వారాంతంలో చేసే రెండు రోజుల ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకొని ఈ పాఠం రాశాను. అక్కడికి వెళ్ళలేనివారు ఆ కట్టడం నేలపటాన్నీ మంచి ఫొటోలనూ ముందు పెట్టుకొని దీనిలో చాలా భాగాన్ని అభ్యసించవచ్చు.

ముందుగా ‘అతుకు’ అంటే ఏమిటో తేల్చుకుందాం. ఒక కాలంలో కట్టిన పని ఆగి, మరో కాలంలో కట్టిన పని మొదలయ్యే చోటును ఈ పాఠమాలలో అతుకు అంటున్నాం. గోడ మందం ఉన్నట్టుండి మారడం, స్తంభాల కింద పీఠాలు కనిపించకుండా పోవడం, రాయి రంగు మారడం, వరుస తప్పడం వంటివి దాని ఆనవాళ్ళు. సందర్శకుల దృష్టి సాధారణంగా అలంకరణ మీదకు పోతుంది. చదవదలచినవారు మాత్రం అలంకరణను కాసేపు పక్కన పెట్టి అతుకులను వెతకాలి, ఎందుకంటే అలంకరణను ఏ కాలంలోనైనా తిరిగి పూయవచ్చు గాని, అతుకును పూర్తిగా దాచడం చాలా కష్టం.

కోర్డోబాలో మన పని ప్రధానంగా ఒకే కట్టడంలో ఉంటుంది. మసీదుగా మొదలై, 1236 నుంచి క్రైస్తవ ప్రధానాలయంగా ఉన్న ఆ కట్టడాన్ని స్థానికులు నేటికీ ‘మెస్కీతా’ అనే పిలుస్తారు. దాని విస్తీర్ణం సుమారు 23,400 చదరపు మీటర్లు. యునెస్కో దానిని 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చి, 1994లో చుట్టూ ఉన్న పాత నగరానికి కూడా ఆ గుర్తింపును విస్తరించింది. ఆదివారం ఉదయం ప్రార్థనల కోసం సందర్శకులను కొంతసేపు అనుమతించరు కాబట్టి ఈ కట్టడాన్ని శనివారానికే పెట్టుకోవాలి.

బృందాన్ని జంటలుగా విడదీయండి. ప్రతి జంటలో ఒకరు గీస్తారు, మరొకరు చూసి చెబుతారు. గీసేవారు తమ కళ్ళతో చూసిన దానికన్నా తోటివారు చెప్పిన దానిని ముందు రాసుకోవడం వల్ల, చెప్పేవారు మాటలను జాగ్రత్తగా ఎంచుకోవలసి వస్తుంది. “బాగుంది”, “అద్భుతంగా ఉంది” అన్న మాటలతో నేలపటం ముందుకు కదలదు. చెవిలో పెట్టుకొనే వివరణ యంత్రాలను మొదటి గంట వాడనివ్వకండి. అవి చెప్పే కథలు మంచివే అయినా, ఎక్కడ చూడాలో అవే నిర్ణయించేస్తాయి.

నారింజ చెట్ల ప్రాంగణం దాటి లోపలికి అడుగుపెట్టిన చోటే అన్నిటికన్నా పాత భాగం. ఈ విషయం మన పాఠకులను కొంత తికమక పెడుతుంది. మన పెద్ద ఆలయాలలో సాధారణంగా గర్భాలయం పాతది, ప్రాకారాలు దాటి బయటి గోపురాల దాకా వచ్చేకొద్దీ పని కొత్తది. అందుకని లోపలికి నడిస్తే కాలంలో వెనక్కి వెళుతున్నామని మన కాళ్ళకు అలవాటు. ఇక్కడ ఆ లెక్క తిరగబడుతుంది. ఉత్తరాన ఉన్న ప్రాంగణం నుంచి దక్షిణంగా నది వైపు నడిచేకొద్దీ కట్టడం కొత్తదవుతుంది, ఎందుకంటే జనాభా పెరిగినప్పుడల్లా ప్రార్థనకు ముఖం పెట్టే ఖిబ్లా గోడను దక్షిణంగా జరుపుతూ పోయారు.

మొదటి భాగాన్ని మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ 785–786 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. డమాస్కస్‌లో తన ఉమయ్యద్ వంశం అధికారం కోల్పోయాక తప్పించుకొని వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించినవాడు ఆయన. ఈ భాగంలో స్తంభాలను ఒక్కొక్కటిగా పరిశీలించండి. ఒకటి నునుపుగా ఉంటే మరొక దానికి గాడులుంటాయి. పొడవులు సమానంగా ఉండవు. తలకట్టులు ఒకదానితో ఒకటి పొసగవు. కారణం, ఇవి పాత రోమన్ కట్టడాల నుంచి, రోమన్ల తర్వాత స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల కట్టడాల నుంచి తెచ్చి తిరిగి వాడినవి. దొరికిన స్తంభాలు అంత పెద్ద మందిరానికి కావలసిన ఎత్తు లేకపోవడంతో, శిల్పులు తలకట్టుల పైన మళ్ళీ దిమ్మెలు నిలిపి, రెండు అంతస్తుల కమానులు కట్టారు. కింది కమాను గుర్రపు లాడం ఆకారంలో స్తంభాలను పట్టి ఉంచుతుంది. పై కమాను కప్పు బరువును మోస్తుంది. కింది కమాను పైన గోడ లేకుండా ఖాళీగా వదిలినందువల్లే ఆ మందిరం ఎటు చూసినా అడవిలా తెరుచుకొని కనిపిస్తుంది. ఎర్ర ఇటుక, తెల్ల రాయి ఒకటి విడిచి ఒకటి పేర్చిన పద్ధతిని చూసి, మెరీదా పట్టణంలోని రోమన్ నీటి వంతెనతో పోల్చేవారున్నారు. ఆ పోలిక నాకు నమ్మదగినదిగానే తోస్తుంది.

అక్కడి నుంచి నేరుగా దక్షిణంగా నడవండి. ఒకచోట స్తంభాల వరుస మధ్య మందపాటి దిమ్మెలు అడ్డు తగులుతాయి. ఇదే మన మొదటి అతుకు. తొలి మసీదు ఖిబ్లా గోడ ఇక్కడ ఉండేది. రెండో అబ్ద్ అల్ రహ్మాన్ తొమ్మిదో శతాబ్దంలో మందిరాన్ని పొడిగించినప్పుడు గోడను తొలిచి దారులు తీశారు, మిగిలిన ముక్కలు దిమ్మెలుగా నిలిచాయి. ఇంకా ముందుకు వెళితే రెండో అల్ హకమ్ పదో శతాబ్దంలో, 960ల నాటికి చేయించిన పొడిగింపు వస్తుంది. ఇక్కడ స్తంభాలు అరువు తెచ్చుకున్నవి కావు, కొలత ప్రకారం కొత్తగా చెక్కినవి; కింద పీఠాలు లేవు; ముదురు రంగు స్తంభం పక్కన గులాబి రంగు స్తంభం, మళ్ళీ ముదురుది, ఇలా క్రమం తప్పకుండా సాగుతాయి. అంటే ఒక పాలకుడి చేతిలో సొంత గనులు, సొంత శిల్పులు ఉన్నప్పుడు కట్టడం ఎలా మారుతుందో రాయి రంగే చెబుతున్నది. దక్షిణపు కొసలో ఖిబ్లా గోడలో ప్రార్థన దిక్కును చూపే గూడు, అంటే మిహ్రాబ్, ఉంది. దాని మీది బంగారు మొజాయిక్ పని కోసం బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి పనివాడిని, గాజు ముక్కలను పంపించాడు. విద్యార్థులు అక్కడ ఎంతసేపు నిలబడినా నేను తప్పుపట్టను గాని, పటం మీద మాత్రం మిహ్రాబ్ ఉన్న చోటును కచ్చితంగా గుర్తించుకోమనండి. తర్వాతి అతుకును పట్టించేది అదే.

మిహ్రాబ్ ప్రధాన నడవకు కొసన, కట్టడం మధ్యలో ఉండాలి. కాని ఇప్పుడు దక్షిణపు గోడ మొత్తాన్ని అడుగులతో కొలిస్తే అది మధ్యలో లేదని తేలుతుంది. పడమటికి బాగా జరిగి ఉంది. ఎందుకు? దక్షిణాన నది దగ్గరపడింది, ఇక పొడిగించడానికి చోటు లేదు. 987–988 ప్రాంతంలో అల్ మన్సూర్ అనే సర్వాధికారి తూర్పు వైపు ఎనిమిది నడవలు కలిపాడు. మొదట పదకొండు నడవలున్న మందిరం పంతొమ్మిది నడవలదయింది, సమతూకం పోయింది. ఈ తూర్పు భాగంలో ఎరుపు తెలుపు కమానులు దూరం నుంచి చూస్తే పాతవాటిలాగే ఉంటాయి. దగ్గరికి వెళ్ళి ఎర్ర పట్టీలను పరికించండి. అది ఇటుక కాదు, రాతి మీద పూసిన రంగు. త్వరగా, తక్కువ ఖర్చుతో పెద్ద చోటును కప్పాలన్న తొందర అందులో కనిపిస్తుంది. పాత తూర్పు గోడకు ఒకప్పుడు వీధిలోకి తెరుచుకున్న ద్వారాల ఆనవాళ్ళు ఇప్పుడు మందిరం లోపలే ఉండిపోయాయి; బయటి గోడ లోపలి గోడగా మారిందని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇంత పని చేశాక మధ్యలో లేచిన క్రైస్తవ మందిరాన్ని చూడాలి, అంతకుముందు కాదు. 1236లో కాస్టీల్ రాజు మూడో ఫెర్నాండో నగరాన్ని గెలిచాక మసీదును చర్చిగా ప్రతిష్ఠించారు. దాదాపు మూడు శతాబ్దాల పాటు మార్పులు పరిమితంగానే జరిగాయి. 1523లో బిషప్ అలోన్సో మన్రీకే మధ్య భాగాన్ని తొలగించి ఎత్తైన మందిరం కట్టడానికి పూనుకున్నప్పుడు నగర పాలక మండలి గట్టిగా అడ్డుపడింది. పనిలో చేయి పెట్టిన కూలీలకు మరణశిక్ష విధిస్తామని కూడా ప్రకటించింది. చివరికి చక్రవర్తి ఐదో చార్లెస్ అనుమతితో పని సాగి, హెర్నాన్ రూయిజ్ అనే శిల్పి, ఆ తర్వాత ఆయన కొడుకు, మనవడు చేతులు మారి 1607 నాటికి ముగిసింది. తర్వాత చక్రవర్తి వచ్చి చూసి, ఎక్కడైనా కట్టగలిగినదాని కోసం ఎక్కడా లేనిదాన్ని పాడుచేశారని విచారించాడని గైడ్‌లు చెబుతారు. ఆయన నిజంగా అలా అన్నాడా అన్న విషయాన్ని చరిత్రకారులు అనుమానిస్తారు కాబట్టి మీ పుస్తకంలో ఆ వాక్యాన్ని సాక్ష్యాల వైపు కాకుండా కథల వైపు రాసుకోండి. మనం వెతికే అతుకు మాత్రం అక్కడ తేటగా ఉంది: లాడపు కమాను వరుస నడుస్తూ నడుస్తూ రెనసాన్స్ దిమ్మె దగ్గర ఆగిపోతుంది. చాలామంది ఆ చర్చిని చూసి ముఖం తిప్పుకుంటారు. కాని ఎనిమిది శతాబ్దాలుగా నిత్యం వాడుకలో ఉండడం వల్లే మిగతా మందిరం కూలకుండా, రాళ్ళు తరలిపోకుండా నిలిచిందన్న వాదన కూడా ఉన్నది. నా మట్టుకు ఆ వాదనలో బలం ఉన్నదనిపిస్తుంది.

ప్రాంగణంలోకి తిరిగి వచ్చాక గంటల గోపురాన్ని చూడండి. పైకి పూర్తిగా చర్చి గోపురమే గాని, 950 ప్రాంతంలో మూడో అబ్ద్ అల్ రహ్మాన్ కట్టించిన మీనార్ ఇప్పటికీ దాని లోపల ఉంది. బయటి నుంచి అతుకు కనిపించని చోట కూడా పాతది ఉండవచ్చునన్న హెచ్చరికగా దీన్ని పటం మీద గీతల చుట్టుతో గుర్తించుకోవాలి.

ఆదివారం పని తేలిక. నది మీది వంతెనను అందరూ రోమన్ వంతెన అంటారు. దానికి పదహారు కమానులుంటే, వాటిలో రెండు మాత్రమే రోమన్ కాలపు మూలం గలవని సాధారణంగా చెబుతారు. మిగతావి ఆ తర్వాతి శతాబ్దాల పునర్నిర్మాణాలు. పేరు మీద ఉన్న కాలం రాతి మీద ఎంతవరకు ఉందో పరీక్షించడానికి ఇది మంచి చోటు. ఆ తర్వాత యూదుల పాత పేటలోని చిన్న సినగోగ్‌కు వెళ్ళండి. 1315లో కట్టిన ఆ గది 1492లో యూదులను వెళ్ళగొట్టాక వైద్యశాల అయింది, తర్వాత చెప్పులు కుట్టేవారి సంఘానికి ప్రార్థనాలయమయింది. పైపూత కింద దాగిన పాత సున్నపు నగిషీ 1880లలో బయటపడింది. తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఇదే నగరంలో పుట్టిన తత్వవేత్త మైమోనిడీస్ విగ్రహం అక్కడికి దగ్గరలోనే ఉంది. ఫొటోలు దిగడానికి పది నిమిషాలు చాలు.

ఈ వారం అభ్యాసం: మెస్కీతా నేలపటాన్ని ఐదు రంగులలో పూర్తి చేయండి. నలుగురు పాలకుల భాగాలకు నాలుగు రంగులు, క్రైస్తవ నిర్మాణానికి ఐదోది. రెండు రంగులు కలిసే ప్రతి గీత పక్కన, అక్కడ మీరు చూసిన ఆనవాలును ఒక్క వాక్యంలో రాయాలి. చదివినది కాదు, చూసినది. ఆనవాలు దొరకని చోట గీతను చుక్కలతోనే ఉంచండి. మసీదు కింద అంతకుముందు విసిగోతిక్ చర్చి ఉండేదన్న ప్రశ్న మీద పురావస్తు శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదం నడుస్తున్నది. దాన్ని కూడా చుక్కల గీతగానే గీయండి. స్పెయిన్ వెళ్ళనివారు తమ ఊళ్ళో విడతలు విడతలుగా పెరిగిన పాత బడినో, ఆలయాన్నో, మసీదునో తీసుకొని ఇదే పద్ధతిలో పటం గీయవచ్చు. నాలుగో పాఠంలో మిహ్రాబ్ చుట్టూ ఉన్న అరబిక్ అక్షరాలను, సినగోగ్ గోడ మీది హీబ్రూ శాసనాన్ని లిపి తెలియకుండానే ఎలా పరిశీలించాలో చూస్తాం కాబట్టి, వాటి ఫొటోలను ఎదురుగా నిలబడి, వంకర లేకుండా తీసి ఉంచుకోండి.